పనిముట్టు పిలువగానే పలుకు యంత్రము

వడ్రంగి చేతిలోని కరెంటు రంపము తిరుగనారంభించిన మరుక్షణమున, ప్రక్కన చిన్నచక్రములపై నిలిచియున్న ధూళియంత్రము ఎవరును మీట నొక్కకయే తనంతట తాను మేల్కొని, రంపపు పండ్లక్రిందనుండి లేచుచున్న పొడిని గొట్టముద్వారా తనలోనికి లాగికొని, రంపము ఆగిన కొన్ని క్షణములకు తానును ఆగిపోవునట్టి ఏర్పాటు ఐరోపా, అమెరికా ఖండముల కర్మశాలలలో చాలకాలముగా సామాన్యమైయున్నది. మనవైపున మాత్రము దీనిని ధనవంతుల వేడుకవస్తువుగనో, పనివాని సోమరితనమునకు చేసిన వెసులుబాటుగనో తలచువారు పెక్కురు కలరు. ఈ తలపు సరికాదని నా దృఢమైన అభిప్రాయము. పనివాని ఊపిరితిత్తులను కాపాడు భారమును అతని జ్ఞాపకముమీదను, ఓపికమీదను మోపక, అతని చేతి పనిముట్టుకే అప్పగించిన ఉపాయమిది. రంపమునకు తొడుగు వలె, మోటారునకు ఎర్తుతీగ వలె దీనినికూడ ఆవశ్యకములలో చేర్చవలెను.

మొదట దాని లోగుట్టు తెలిసికొనుట మంచిది. ఏలయన, అందులో అద్భుతము గాని, అందరాని ఖరీదైన విద్య గాని ఏదియును లేదు. ఇట్టి ధూళియంత్రముల ముఖభాగమున ఒక సాకెట్టు అమర్చబడియుండును. రంపమో, సాండరో, రౌటరో, దాని ప్లగ్గును గోడకు గాక ఈ సాకెట్టుకే తగిలింతురు. కాబట్టి ఆ పనిముట్టు త్రాగు కరెంటంతయు ధూళియంత్రపు పొట్టలోని ఒక తీగగుండ పోవలసినదే. ఆ తీగ ఒక చిన్న ఇనుప వలయము నడుమనుండి దూరిపోవును. వలయముచుట్టును సన్ననిరాగితీగ వందలకొలది చుట్లుగ చుట్టబడియుండును. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఇనుప వలయముపై రెండు తీగచుట్లు చుట్టి, ఒకదానిలో కరెంటు మొదలైనపుడును, ఆగినపుడును రెండవదానిలో క్షణికమైన కరెంటు పుట్టుటను కనిపెట్టెను గదా. నేటి ఈ చిన్న వలయము ఆనాటి వలయమునకు సాక్షాత్తు సంతానమే. మన ఇండ్లకు వచ్చు కరెంటు సెకనునకు 50 ఆవృత్తులచొప్పున దిక్కుమార్చుకొనుచుండునది గావున, పనిముట్టు నడచినంతసేపును రాగిచుట్టులో దానికి అనుగుణమైన అల్పవిద్యుత్తు పుట్టుచునే యుండును. దీనినే కరెంటు ట్రాన్స్‌ఫార్మరందురు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. వలయమునడుమనుండి ఫేజు తీగ నొక్కదానినే పోనీయవలెను. ఫేజును, న్యూట్రలును రెండును కలిపి దూర్చినచో, పోవు కరెంటును వచ్చు కరెంటును సమానములై, వ్యతిరేకదిశలు గలవియై, వాని అయస్కాంతబలములు పరస్పరము రద్దగుటచేత, ఎంత పెద్ద రంపము తిరిగినను వలయమునకు చీమ కుట్టినట్లైనను ఉండదు. సొంతముగా ఇట్టిది తయారుచేయబూను విద్యార్థులు చాలమంది తడబడునది ఈ తావుననే.

ఆ అల్పవిద్యుత్తును ఒక నిరోధకముగుండ పంపి, పుట్టిన వోల్టేజిని ముందుగా నిర్ణయించిన ఒక హద్దుతో పోల్చుదురు. హద్దు దాటినయెడల రిలే అను విద్యుదయస్కాంతపు మీటయో, ట్రయాక్ అను అర్ధవాహకపు మీటయో ధూళియంత్రపు మోటారునకు దారి తెరచును; హద్దునకు లోబడినపుడు మూసివేయును. కొన్నింటిలో వలయమునకు మారుగా పనిముట్టు తీగతో వరుసగా కలిపిన డయోడ్లుండును. కొన్నింటిలో అయస్కాంతక్షేత్రమును నేరుగా పసిగట్టు హాల్ సెన్సారుండును. సారాంశము మాత్రము ఒక్కటే: పనిముట్టు తీసికొను కరెంటే ధూళియంత్రమునకు ఆజ్ఞ.

ఆ హద్దును ఎచ్చట నిలుపవలెననుటలోనే కల్పకుని వివేకము తెలియును. మరీ తక్కువగా నిలిపినచో సాకెట్టునకు తగిలించిన బ్యాటరీ చార్జరును, చిన్నదీపమును కూడ రంపమని భ్రమించి యంత్రము మ్రోగనారంభించును. మరీ ఎక్కువగా నిలిపినచో, వేగము తగ్గించి మెల్లమెల్లగా నునుపుపట్టుచున్న సాండరు తీసికొను కొద్దిపాటి కరెంటు దాని దృష్టికి ఆనక, అత్యంత సూక్ష్మమైన ధూళి లేచు వేళనే యంత్రము నిద్రించును. అందుచేత దీనిని కొనువారు తమయొద్ద గల పెద్దరంపముతో పరీక్షించి తృప్తిపడక, తమ పనిముట్లలో మిక్కిలి చిన్నదానిని మిక్కిలి తక్కువ వేగమున నడిపి, యంత్రము పలికినదో లేదో చూచి మఱి కొనవలెను.

కాలవిషయమునను రెండు ఏర్పాట్లు కలవు. పనిముట్టు మొదలైన వెంటనే గాక, రమారమి ఒక సెకను ఆగి ధూళియంత్రము మొదలగును. ఇట్టి మోటార్లు నిశ్చలస్థితినుండి లేచునపుడు తమ నిత్యవ్యయమునకు పెక్కురెట్లు కరెంటును ఒక్కసారిగా లాగును. రెండును ఒకే రెప్పపాటున లేచినచో, కరెంటు మితిమీరినపుడు దారి తెంచు ఎంసీబీ మీట పడిపోవచ్చును. ఇక రెండవది: పనిముట్టు ఆగినను ధూళియంత్రము మరి 5 మొదలు 15 సెకనులవరకు నడచుచునే యుండును. గొట్టము నాలుగు మీటర్ల పొడవున్నదనుకొందము. అందులో గాలి సెకనునకు 20 మీటర్ల వేగమున పోవుచున్నచో, ఈ చివర ప్రవేశించిన రేణువు ఆ చివరకు చేరుటకు సెకనులో అయిదవవంతు చాలును. మఱి ఇంతకాలము ఎందుకని అడుగవచ్చును. మీట వదలినంతనే రంపపు బిళ్ళ ఆగదు. కరెంటు తెగినపిమ్మటను తన ఊపున కొన్ని చుట్లు తిరిగి పొడి రాల్చుచునే యుండును. తొడుగులోపల గిరగిర తిరుగు పొడియును, గొట్టపు వంపులలో చతికిలబడిన ముతకపొట్టును కదలి పోవుటకును ఆ వ్యవధి కావలెను. పని ముగిసినదని మనుష్యుడు తలచిన తరువాతగూడ ధూళి ముగియదను సత్యమును ఆ యంత్రము ఎరిగి ప్రవర్తించుచున్నది. చేతితో మీట నొక్కువాడు ఎంత శ్రద్ధగలవాడైనను ఆ పది సెకనులు ఓపికతో నిలువడు.

ఇంతకును మనుష్యుడే మీట వేసికొనరాదా అనువారికి నా సమాధానమిది. ఏ వడ్రంగినైనను అడిగిచూడుడు; గీతమీద కన్నున్నవాడు పొట్టు సంగతి పని ముగిసినపిమ్మట చూచికొందుననును. అది అజాగ్రత్తగాదు. తిరుగుచున్న పండ్లకు జానెడు దూరమున వ్రేళ్ళుంచుకొని, వెంట్రుకవాసి తప్పకుండ గీతవెంబడి పోవలసినవాడు మనస్సును అంతకంటె వేరొకచోట నిలుపుట ప్రమాదము. పైగా వడ్రంగి కోతలు సుదీర్ఘములు గావు. ఒక అలమరకు పలకలు కోయునపుడు ఒక్కొక్క కోత కొన్ని సెకనులలో ముగియును. కొలత, గీత, కోత, మరల కొలత. ఈ విధముగా దినమంతయు సాగును. ప్రతి కోతకును వంగి మీట వేసి, మరల వంగి ఆర్పుమనుట ఆచరణసాధ్యము కాదు. పోనీ, ఉదయమున వేసి సాయంకాలమువరకు నడువనిమ్మన్నచో, ఆ హోరు భరింపలేక, కరెంటు ఖర్చునకు యజమాని ఒప్పక, మోటారు వేడెక్కి, మధ్యాహ్నమునకే దానిని మూలకు త్రోయుదురు. కావున మనుష్యుని చేతిలోని మీట కాలక్రమమున ఎన్నడును వేయని మీటగ మారుట స్వభావసిద్ధము. ఈ స్థితిలో దోషమును పనివానిపై నెట్టి, మాస్కు పెట్టుకొనడనియు, చెప్పిన మాట వినడనియు నిందించుట మనకు అలవాటైపోయినది. ఆ నింద అన్యాయమైనది. సరియైన పనిని మరచుటకు వీలులేనట్లు అమర్చగల విద్య చేతనుండగా, మరచినందుకు మనుష్యుని తప్పుపట్టుట ఏమి న్యాయము?

రంపపుపొట్టు వలన అంత ముప్పేమున్నదని కొందరు సందేహింతురు. వడ్రంగము అనాదియైన వృత్తియే. తాతముత్తాతలు చిత్రిక పట్టి, బాడిసెతో చెక్కి, పొట్టులో పొరలి బ్రతికిరనుమాటయు నిజమే. కాని చిత్రికనుండి వెలువడునవి చుట్టలుచుట్టలుగా రాలు చెక్కపెచ్చులు. బాడిసెనుండి వచ్చునవి ముక్కలు. ఇవి ఊపిరిలోనికి పోవునంతటి సూక్ష్మములు కావు. నిమిషమునకు వేలసార్లు తిరుగు బిళ్ళయు, అదరుచు తిరుగు ఉప్పుకాగితమును పుట్టించునది వేరొక జాతి ధూళి. అందులో కంటికి కానరాని భాగము గాలిలో గంటలతరబడి తేలియాడుచు, చీపురుతో ఊడ్చినకొలది మరల మరల లేచుచుండును. మనకు కనబడు పొట్టు నేలను మాత్రమే మలినపరచును. కనబడనిది మనుష్యుని లోపలికి పోవును.

దీనికి వైద్యశాస్త్రమున ఒక ప్రసిద్ధమైన కథ కలదు. ఇంగ్లండులో హై వికోంబ్ అను పట్టణము కుర్చీల పరిశ్రమకు పేరుపొందినది. అచ్చట చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు చికిత్సచేయుచుండిన ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్ అను వైద్యురాలు, ముక్కు లోపలి గదులలో పుట్టు ఒక అరుదైన కేన్సరు తనయొద్దకు వచ్చువారిలో అసాధారణముగా కనబడుటయు, ఆ రోగులు సామాన్యముగా కొయ్యసామానుల పనివారే యగుటయు గమనించెను. ఆక్స్‌ఫర్డు వైద్యులగు మాక్బెత్, అచెసన్ ప్రభృతులతో కలిసి ఆ విషయమును శోధించి, 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. లోకమున మిక్కిలి అరుదైన రోగము ఒక్క వృత్తివారిని ఏరి పట్టుకొనుచున్నదని అప్పుడు స్పష్టమయ్యెను. అంతర్జాతీయ కేన్సరు పరిశోధనసంస్థ 1995లో ప్రకటించిన సంపుటమున చెక్కధూళిని మనుష్యులకు నిస్సంశయముగా కేన్సరు కలిగించు పదార్థముల మొదటి వర్గమున చేర్చినది. మనము ఇంటింటను గౌరవముతో వాడుకొను టేకు ఆ ప్రమాదము గల గట్టికొయ్యలలోనిదే.

ఐరోపా సమాఖ్య 2023 జనవరినుండి గట్టికొయ్యల ధూళికి విధించిన హద్దు, ఎనిమిదిగంటల పనిదినమునకు సగటున, ఘనమీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. ఇది ఎంతయో ఊహకందుటకు ఒక లెక్క చెప్పెదను. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల సామాన్యమైన గదిలో సుమారు 34 ఘనమీటర్ల గాలి యుండును. ఆ గదియంతటికిని అనుమతింపబడిన తేలియాడు ధూళి 68 మిల్లీగ్రాములు మాత్రమే. రెండు వ్రేళ్ళనడుమ పట్టు చిటికెడైనను కాదు. తలుపులు మూసిన గదిలో ఒక్క తలుపురెక్కకు సాండరు పట్టించినవారికి ఆ గీత ఎంత త్వరగా దాటిపోవునో వేరుగ చెప్పనక్కరలేదు.

అందుచేతనే ఆ దేశములందు ధూళియంత్రములను ఎల్, ఎమ్, హెచ్ అను మూడు తరగతులుగ విభజించిరి. లోపలికి పోయిన సూక్ష్మధూళిలో మొదటి తరగతియంత్రము నూటికి ఒక పాలుకంటె తక్కువగను, రెండవది వేయింటికి ఒక పాలుకంటె తక్కువగను, మూడవది లక్షకు ఐదు పాళ్ళకంటె తక్కువగను మాత్రమే తిరిగి బయటకు వదలవలెను. గొట్టములోని గాలివేగము సెకనునకు 20 మీటర్లకు దిగువకు తగ్గినచో రెండవ తరగతియంత్రము హెచ్చరిక ఇయ్యవలెను. సామాన్యమైన గృహోపయోగి వాక్యూమ్ క్లీనరునకు ఈ నియమములు వర్తింపవు; అది ముతకపొట్టును మ్రింగి, అత్యంత ప్రమాదకరమైన సూక్ష్మభాగమును వెనుకనుండి మరల గదిలోనికి ఊదివేయవచ్చును. గది శుభ్రమైనట్లు కనబడును గాని గాలి శుభ్రము కాదు. ఏ యంత్రము వాడినను ఫిల్టరు దులుపునపుడును, సంచి మార్చునపుడును ముక్కునకు మంచి మాస్కు ఉండవలసినదే.

మన శాసనములు ఈ విషయమున మూగవి కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 14వ ప్రకరణము, హానికరమైన ధూళి పుట్టుచోట దానిని పీల్చకుండ నివారింపవలెననియు, లాగివేయు సాధనము అవసరమైనచో దానిని ధూళి పుట్టు తావునకు సాధ్యమైనంత సమీపమున అమర్చవలెననియు, ఆ తావును వీలైనంత మూసి యుంచవలెననియు ఆదేశించెను. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటియేటనే వ్రాసిన ఆ వాక్యము శాస్త్రదృష్టికి నేటికిని నిర్దుష్టమైనది. కాని విద్యుచ్ఛక్తితో నడచుచోట 10 మంది పనివారైనను ఉన్ననే గాని అది ఫ్యాక్టరీగ పరిగణింపబడదయ్యెను. 2020 నాటి కొత్త శాసనస్మృతి ఆ సంఖ్యను 20కి పెంచినది. ఇద్దరు ముగ్గురు పనివారు గల వీధి వడ్రంగిదుకాణముగాని, ఎవరియింటిలోనో అలమరలు చేయుటకు వచ్చి పదిదినములలో వెడలిపోవు జట్టుగాని ఆ సంఖ్యకు ఎన్నటికిని అందదు. మన చెక్కపనిలో అధికభాగము ఇట్టివారిచేతనే జరుగుచున్నది. శాసనము చేరలేని ఆ చోటికి యంత్రములోని ఒక వలయమును, ఒక రిలేయును చేరగలవు; ఈ చిన్న ఉపాయముపై నాకింత అభిమానము కలుగుటకు కారణమిదియే.

అయితే మన పనిచోటుల స్థితిని ఉన్నదున్నట్లు చూడనిదే ఈ ఉపాయము ఇచ్చట నిలువదు. హైదరాబాదులో గాని, విజయవాడలో గాని, విశాఖపట్టణములో గాని కొత్తగా కట్టిన ఫ్లాటులో చెక్కపని జరుగుచుండగా పోయి చూడుడు. ప్లైవుడ్డు పలకను కోయుటకు వడ్రంగి చేతిలో సామాన్యముగా నుండునది మార్బుల్ కట్టరు. రాయి కోయుటకు పుట్టిన పనిముట్టునకు చెక్కకోయు బిళ్ళ బిగించి పని కానిత్తురు. చిన్నది, చౌకది, ఎచ్చటికైనను సంచిలో వేసికొనిపోవుటకు అనువైనది గావున దానిని ఎన్నుకొనుటలో వారికి వారి కారణమున్నది. కాని గొట్టమును తగిలించుటకు దానికి నోరే యుండదు. ధూళి పుట్టినచోటనే దానిని పట్టు ద్వారము పనిముట్టుకు లేనప్పుడు, ఎంత తెలివిగల ధూళియంత్రము ఎంత సరియైన క్షణమున మేల్కొన్నను ప్రయోజనము శూన్యము. స్వయంచాలకమైన మీటనుగూర్చి మాటలాడువారందరును మొదట ఈ నోటిని గూర్చి మాటలాడవలసియున్నది. మన విపణిలో అమ్ము ప్రతి కోతయంత్రమునకును, ప్రతి నునుపుయంత్రమునకును గొట్టము తగిలించు ద్వారమును, దానిని మూయు తొడుగును విధిగా నుండునట్లు ప్రమాణము నిర్ణయింపబడవలెను. తయారుచేయునపుడే దీనికగు వ్యయము అల్పము. పిమ్మట అతికించుట దుష్కరము.

రెండవ చిక్కు కరెంటుది. ఇంటిగోడలలోని చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టులవద్ద అది మోయగలది 1380 వాట్లు. మార్బుల్ కట్టరు ఒక్కటియే 1200 వాట్ల వరకు తీసికొనును. దానికి మరి 1200 వాట్ల ధూళియంత్రమును జోడించినచో మొత్తము 2400 వాట్లు, అనగా పదిన్నర ఆంపియర్లకు సమీపము. రెండింటి భారమును ఒకే ప్లగ్గుద్వారా లాగు ఈ యంత్రమును 6 ఆంపియర్ల సాకెట్టున గ్రుచ్చి, పలుచని తీగల ఎక్స్‌టెన్షన్ బాక్సుతో గదులగుండ ఈడ్చుకొనిపోయినచో తీగలు వేడెక్కి కరగుటయు, నిప్పంటుకొనుటయు సంభవింపగలవు. గీజరునకో, ఏసీకో అమర్చిన 16 ఆంపియర్ల సాకెట్టునుండియే దీనికి కరెంటు తీయవలెను. ఎర్తు ఉన్నదో లేదో చూడవలెను. ధూళియంత్రపు సాకెట్టు మోయగల వాట్లెన్నియో దానిమీదనే ముద్రించియుండును గనుక చదువవలెను. ఈ మూడును తెలిసిన ఎలక్ట్రీషియను జట్టులో నొకడుండుట అనావశ్యకమైన ఆడంబరము కాదు.

మరియొక ప్రమాదమునుగూడ హెచ్చరింపవలసియున్నది. చెక్కపొడి నిండిన సంచి గల యంత్రమునకే గ్రైండరును తగిలించి ఇనుము కోయరాదు. పనిముట్టు తిరుగగానే మేల్కొను ఆ విధేయత ఇచ్చట శత్రువగును. ఎర్రగా కాలిన నిప్పురవ్వలను అది తన కడుపులోని ఎండుపొడిమీదికి తానే లాగికొనును. మంట వెంటనే కనబడకపోవచ్చును; పనివారు దుకాణము మూసి పోయినపిమ్మట రాజుకొనవచ్చును. ఇనుమునకు వేరు యంత్రము, చెక్కకు వేరు యంత్రము అనునది మినహాయింపు లేని నియమముగ నుండవలెను.

ఇక బ్యాటరీ పనిముట్ల సంగతి. తీగ లేని రంపము సాకెట్టునుండి కరెంటు తీయదు గనుక ఫారడే వలయమునకు దాని ఉనికియే తెలియదు. ఈ లోపమును పూరించుటకు తయారీదారులు రేడియో సంకేతముల నాశ్రయించిరి. జర్మనీకి చెందిన ఫెస్టూల్ సంస్థ బ్యాటరీలోనే బ్లూటూత్ నమర్చినది. జపానుకు చెందిన మకీటా సంస్థ పనిముట్టులో చిన్న రేడియో బిళ్ళ నుంచినది. మీట నొక్కగానే పనిముట్టు గాలిలో కబురంపును, ధూళియంత్రము అందుకొని లేచును. గొట్టపు చివర బిగించుకొను బటనులును, పనిముట్టు అదరుటను పసిగట్టు సాధనములునుగూడ కలవు. ఇవి ప్రశంసనీయములే. కాని నాకు ఆగ్రహము కలిగించు విషయమొకటి ఇందులో నున్నది. పాత సాకెట్టుకు కులగోత్రములు లేవు. ఏ సంస్థ రంపమును తగిలించినను అది కరెంటునే చూచెను గాని పేరు చూడలేదు. కొత్త రేడియో కబురు అట్టిది కాదు. ఒక సంస్థ పనిముట్టు చెప్పినమాట మరియొక సంస్థ యంత్రమునకు సాధారణముగా అర్థము కాదు. ఊపిరితిత్తుల రక్షణను వ్యాపారపు కంచెలలోపల బంధించుట తగదు. సంకేతము ఒక్కటిగ, బహిరంగముగ, అందరికిని సమానముగ ఉండునట్లు ప్రమాణసంస్థలు కలిసి నిర్ణయింపవలెను. పెద్దసంస్థలు దీనికి తమంతట ఒప్పకున్నచో, ప్రభుత్వములు తాము కొను పనిముట్లకు దీనిని షరతుగ పెట్టి ఒప్పింపవలెను.

రాతిపనికి ఈ మాటలన్నియు ఇంకను తీవ్రముగ వర్తించును. గ్రానైటు పలక కోసినపుడు లేచు ధూళిలో స్ఫటికరూపమైన సిలికా ఉండును; నేడు వంటగట్లకు విరివిగా వాడుచున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకలలో అది తరచు నూటికి 90 పాళ్ళకు మించును. 1997లోనే ఆ సిలికాధూళియు కేన్సరుకారకముల మొదటి వర్గమున చేర్చబడెను. కేన్సరుకంటె ముందుగ సిలికోసిస్ అను మాన్పరాని వ్యాధి ఊపిరితిత్తులను గట్టిపరచివేయును. అమెరికాలో 2016లో వచ్చిన నియమము ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాములకు మించి దానిని సహింపదు. చేతిగ్రైండరుతో గచ్చు చెక్కునపుడు బిళ్ళ వ్యాసములో ప్రతి అంగుళమునకు నిమిషమునకు 25 ఘనపుటడుగుల గాలిని లాగు యంత్రము జోడింపబడవలెనని ఆ నియమపు పట్టికలో స్పష్టముగ వ్రాసిరి. ఆస్ట్రేలియా 2024 జూలై 1నుండి కృత్రిమ క్వార్ట్జ్ పలకల వాడుకనే నిషేధించినది. హైదరాబాదు పరిసరములలో తయారై అమెరికాకు ఎగుమతియగు ఆ పలకలే మన ఫ్లాటులలో బాల్కనీలయందు నీరు చల్లకుండ, తొడుగు లేకుండ, మూతికి కండువా చుట్టుకొన్న యువకులచేత కోయబడుటను చూచునపుడు నా మనస్సు కలతపడును. కండువా ఆ ధూళిని ఆపదు.

ఖర్చును గూర్చి అడుగువారు ఉండుదురు, అడుగవలసినదే. తరగతి ముద్ర గల విదేశీయంత్రము చిన్న మేస్త్రికి నిజముగనే భారము. కాని కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున వడ్రంగులతో సహా 18 వృత్తులవారికి పనిముట్ల కొఱకు 15,000 రూపాయల వరకు సహాయమున్నది. ఆ సహాయముతో కొను పనిముట్లలో ధూళిద్వారము గలవానికే ఆమోదమిచ్చి, ధూళియంత్రమునకు ప్రత్యేకముగ మరికొంత చేర్చుట ప్రభుత్వమునకు సాధ్యము. మన ఐటీఐలలోను, పాలిటెక్నిక్కులలోను విద్యుచ్ఛాఖ విద్యార్థులకు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు సిద్ధాంతము పాఠ్యాంశమే. దానినే ఒక పెట్టెలో బిగించి, తగిన రిలేయును, ఫ్యూజును, ఎర్తును అమర్చి, ఉన్న ధూళియంత్రమునకు స్వయంచాలకత్వమును కల్పించు పని వారి ప్రయోగశాలలకు ఎంతయో తగినది. అధ్యాపకుల పరీక్షకు లోనైన అట్టి పెట్టెలను అదే ప్రాంగణములోని వడ్రంగవిభాగమున మొదట వాడిచూడవలెను. పదునెనిమిదేండ్ల వయస్సున రంపమును ధూళియంత్రమును కలిసియే నేర్చుకొన్న కుర్రవాడు, ఆ రెండవది లేని చోట పనిచేయుటకు తరువాత తానే అంగీకరింపడు.

కాని ప్రభుత్వమునకంటె ముందు మేలుకొనవలసినవారు ఇల్లు చేయించుకొను గృహస్థులు. పనివాని రొమ్ములోనికి పోవు ధూళి మన అలమరలకొఱకు, మన వంటగట్లకొఱకు పుట్టినది. దానిని పట్టుటకగు వెలను మనము చెల్లించుటయే ధర్మము. సన్‌మైకా రంగు ఎన్నుకొనుటకు దుకాణములచుట్టు దినములతరబడి తిరుగు మనము మేస్త్రిని ఇంకొక ప్రశ్న అడుగుటకు ఆలసింపరాదు. మీ ఇంట చెక్కపనికిగాని, రాతిపనికిగాని ఈసారి ఒప్పందము చేసికొనునపుడు, గొట్టము తగిలించు పనిముట్టును, దానితోడనే మేల్కొను ధూళియంత్రమును తెమ్మని మేస్త్రితో చెప్పుడు. 16 ఆంపియర్ల సాకెట్టు మీరు చూపుడు. ఆ యంత్రపు అద్దెను కూలితో కలిపి ఇచ్చెదమని కాగితముమీద మొదటి పద్దుగ వ్రాయుడు.